వంశచరిత్ర రచనలో పరిశోధన పత్రికల వినియోగం: ఒక విమర్శనాత్మక పరిశీలన

సారాంశం

తెలుగులో వంశచరిత్రల రచన కొత్తది కాదు. కావ్యావతారికల్లోని కృతిపతి వంశవర్ణనలు, భట్రాజుల వంశావళులు, గ్రామ కైఫీయతులు దీని పూర్వరూపాలు. ఆధునిక కాలంలో కుటుంబాలు తమ చరిత్రను తామే రాసుకొనేటప్పుడు పరిశోధన పత్రికలను ఆశ్రయించడం పెరిగింది. అయితే ఈ ఆశ్రయం చాలావరకు పూర్వీకుల పేర్ల కోసం జరిగే వెతుకులాటగానే మిగిలిపోతున్నది. పత్రికల్లోని వాదం, సాక్ష్య పరీక్ష, ఖండన మండనలు వంశచరిత్రకారుల దృష్టికి రావడం లేదు. పరిశోధన పత్రిక వంశచరిత్రకారునికి ఇవ్వగల ప్రధానమైన వస్తువు పేరు కాదనీ, పేరును చదివే పద్ధతి అనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. కాకతీయ వంశక్రమం, రేచర్ల గోత్రనామం, ద్రాక్షారామ శాసనాల్లోని బోయలు, నేటాల్ ఓడపట్టికల్లోని తెలుగువారు ఇందుకు ఉదాహరణలు.

కీలకపదాలు: వంశచరిత్ర, కుటుంబ చరిత్ర, పరిశోధన పత్రికలు, శాసనాలు, ఇంటిపేరు, వెలుగోటివారి వంశావళి, ఒప్పంద కూలీలు.

1. ప్రవేశిక

వంశచరిత్ర, కుటుంబ చరిత్ర అనే మాటలను సాధారణంగా ఒకే అర్థంలో వాడుతుంటారు. వాటి మధ్య గల భేదాన్ని ముందుగా గుర్తించడం అవసరం. వంశచరిత్ర ఒక మూలపురుషునితో మొదలై కిందికి దిగుతుంది. ఎవరికి ఎవరు పుట్టారన్నది దాని ప్రశ్న. కుటుంబ చరిత్ర తెలిసిన తరంతో మొదలై పైకి వెళుతుంది. వారు ఏ ఊళ్లో, ఏ వృత్తిలో, ఏ అప్పులో, ఏ కరువులో ఎలా బతికారన్నది దాని ప్రశ్న. మొదటిదానికి మూలపురుషుడు ముందే నిర్ణయమై ఉంటాడు; ఆధారాలు తర్వాత చేరుతాయి. రెండోదానికి ఆధారం ఎక్కడ ఆగితే చరిత్ర అక్కడే ఆగుతుంది.

కుటుంబాలు అచ్చువేసుకొనే వంశచరిత్ర గ్రంథాల్లో ఒక నమూనా తరచుగా కనిపిస్తుంది. మొదటి ప్రకరణంలో ఏదో ఒక పత్రికలో అచ్చయిన శాసనం నుంచి ఒక పేరు తీసుకుంటారు. ఆ పేరుకూ తమ ఇంటిపేరుకూ పోలిక చూపుతారు. రెండో ప్రకరణం పంతొమ్మిదో శతాబ్ది చివరి తాతగారితో మొదలవుతుంది. మధ్యలో ఉన్న ఐదారు వందల ఏళ్లను కాలక్రమంలో అనే ఒక్క మాట దాటించివేస్తుంది. ఈ గ్రంథాల్లో రెండో ప్రకరణం నుంచి ఉన్న భాగానికి నిజమైన చారిత్రక విలువ ఉంటుంది. దానికి ప్రతిష్ఠ తేవాలన్న కోరికతో చేర్చిన మొదటి ప్రకరణమే దాని విశ్వసనీయతను దెబ్బతీస్తున్నది. ఇందుకు కారణం పత్రికలను వాడకపోవడం కాదు, వాడిన తీరు. ఆ తీరును పరిశీలించడమే ఇక్కడ చేసే పని.

2. పత్రికల పరంపర, వాటి స్వభావం

తెలుగువారి చరిత్రకు సంబంధించిన పరిశోధన పత్రికల పరంపరకు శతాబ్దానికి మించిన వయస్సు ఉంది. ఎపిగ్రాఫియా ఇండికా 1888లో మొదలైంది. ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో మద్రాసులో ఏర్పడి, మరుసటి సంవత్సరం నుంచి ఆంధ్ర సాహిత్య పరిషత్పత్రికను వెలువరించింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1924లో స్థాపించిన భారతి సాహిత్య మాసపత్రిక అయినా, 1991లో ఆగిపోయేవరకు శాసన, చరిత్ర వ్యాసాలకు స్థానమిచ్చింది. రాజమహేంద్రవరంలోని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1926 నుంచి తన ఆంగ్ల త్రైమాసికాన్ని నడిపింది. మల్లంపల్లి సోమశేఖరశర్మ, భావరాజు వెంకట కృష్ణారావు, చిలుకూరి వీరభద్రరావు వంటివారి కృషి ఈ వాతావరణంలో పెరిగింది.

ఈ పత్రికల్లో దొరికే విషయాన్ని మూడు విధాలుగా విభజించవచ్చు. మొదటిది మూలపాఠం: శాసనపాఠాలు, తామ్రశాసనాల పరిష్కరణలు, కైఫీయతుల భాగాలు. రెండోది వాదం: ఒక కవి కాలం, ఒక రాజు వంశం, ఒక గ్రామం గుర్తింపు గురించిన చర్చ. మూడోది నేపథ్యం: భూమి, పన్ను, నీటిపారుదల, వలస, వృత్తుల గురించిన అధ్యయనం. వంశచరిత్రకారులు ఎక్కువగా మొదటిదానికే వెళుతున్నారు. రెండోది తమకు సంబంధించనిదని, మూడోదానిలో తమవారి పేరు లేదని వదిలివేస్తున్నారు. నిజానికి వారికి ఎక్కువ ఉపకరించేవి ఆ రెండే.

పత్రికా వ్యాసం పుస్తకం వంటిది కాదన్న విషయం కూడా గుర్తుంచుకోవలసి ఉంది. ఒక సంచికలో వెలువడిన ప్రతిపాదన ఆ తర్వాతి సంచికల్లో ఖండనకు గురికావచ్చు. ఇందుకు నన్నెచోడుని ప్రసంగం ప్రసిద్ధం. మానవల్లి రామకృష్ణకవి 1909లో కుమారసంభవాన్ని ప్రకటించి, ఆ కవి నన్నయకు పూర్వుడని ప్రతిపాదించారు. దాని మీద దశాబ్దాలపాటు సాగిన చర్చలో కవి కాలంతోపాటు ఆయన ఏ చోడ శాఖకు చెందినవాడన్నది కూడా వివాదాంశమైంది. ఈ చర్చలో ఒక్క వ్యాసాన్ని మాత్రమే చూసినవారు ఒక నిర్ణయాన్ని పొందుతారు. మొత్తం చూసినవారు ఆ నిర్ణయం ఎంత బలహీనమైన లంకెల మీద నిలిచిందో గ్రహిస్తారు. వంశచరిత్రకారునికి కావలసింది ఈ రెండో గ్రహింపు.

3. పేరు పోలిక, బంధుత్వ నిర్ణయం

పూర్వీకుని గుర్తింపులో అతి సాధారణమైన పొరపాటు ఒకే పేరు గలవారిని ఒకే వ్యక్తిగా భావించడం. తాత పేరు మనుమనికి పెట్టే ఆచారం ఉన్న సమాజంలో ఇది మరీ ప్రమాదకరం. కాకతీయ వంశమే ఇందుకు నిదర్శనం. మొదటి బేతరాజు, మొదటి ప్రోలరాజు, రెండవ బేతరాజు, రెండవ ప్రోలరాజు అనే క్రమంలో రెండే పేర్లు తరం విడిచి తరం మళ్లీ వస్తాయి. ఒక శాసనంలో బేతరాజు అని మాత్రమే ఉంటే అతడు తాతో మనుమడో పేరును బట్టి చెప్పడం సాధ్యం కాదు. శకసంవత్సరం, అధిరాజు పేరు, బిరుదులు, దానం చేసిన చోటు అన్నీ కలిపి చూస్తేనే నిర్ణయం కుదురుతుంది. చరిత్రకారులు రాజవంశం విషయంలో తీసుకొన్న ఈ జాగ్రత్త సాధారణ కుటుంబాల విషయంలో అంతకంటె ఎక్కువ అవసరం. రాజులకు అనేక శాసనాలు ఉంటాయి. సాధారణులకు ఒక్కటి దొరకడమే అరుదు. మేనరికాలు ఆచారంగా ఉన్న కుటుంబాల్లో తల్లి వైపు, తండ్రి వైపు ఒకే పేర్లు తిరుగుతుంటాయి కాబట్టి చిక్కు మరింత పెరుగుతుంది.

కాకతీయుల పూర్వతరాలు వెలుగులోకి వచ్చిన తీరు కూడా గమనింపదగినది. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం వెన్నభూపతి మొదలుకొని బేతరాజుకు పూర్వపు పేర్లను ఇచ్చింది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి దీనిని తూర్పు చాళుక్య దానార్ణవుని మాంగల్లు శాసనంలోని కాకర్త్య గుండనతో సమన్వయించి వంశక్రమాన్ని పునర్నిర్మించారు. ఇక్కడ రెండు పాఠాలున్నాయి. ఒక వంశపు పురుషుల వరుసను మనకు దక్కించినది ఆ వంశపు ఆడపడుచు తవ్వించిన చెరువు. వంశవృక్షాల్లో ఆడపడుచుల కొమ్మలను పెళ్లితో కత్తిరించివేసే వంశచరిత్రకారులు ఈ సంగతి ఆలోచించాలి. రెండో పాఠం సమన్వయానికి సంబంధించినది. పరబ్రహ్మశాస్త్రి పేర్ల పోలికను ఆరంభ బిందువుగా తీసుకొన్నారేగాని దానితో ఆగలేదు. కాలం, ప్రదేశం, అధికార సంబంధం సరిపోయిన తర్వాతనే ఆ పోలిక సాక్ష్యంగా నిలిచింది.

శాసనంలో ఉన్నంత మాత్రాన వంశకథనం తిరుగులేనిది కాదన్న విషయమూ కాకతీయుల వల్లనే తెలుస్తుంది. వారిని కొన్ని శాసనాలు సూర్యవంశంతో ముడిపెడితే, మరికొన్ని చతుర్థకులజులుగా పేర్కొన్నాయి. ఒకే వంశం రెండు సందర్భాల్లో రెండు విధాలుగా తన్ను తాను చెప్పుకొన్నది. కాబట్టి శాసనంలోని వంశవర్ణన పుట్టుక గురించిన సమాచారం కావడానికి ముందు, ఆనాటి సభలో చేసిన ఒక ప్రకటన. ఎవరి ముందు, ఏ అవసరానికి చేశారన్న ప్రశ్న వేయకుండా దానిని ఎత్తి రాయడం చరిత్ర రచన అనిపించుకోదు.

4. బిరుదు, హోదా, ఇంటిపేరు

పేరులోని చివరి భాగాన్ని కులంగా చదవడం రెండో పొరపాటు. సింథియా టాల్బట్ కాకతీయ యుగపు శాసనాలను ఆధారం చేసుకొని జర్నల్ ఆఫ్ ఏషియన్ స్టడీస్‌లో 1991లో దేవాలయ దాతల గురించి వ్యాసం ప్రకటించారు. ఆ కృషి 2001లో వెలువడిన ఆమె గ్రంథంలో విస్తరించింది. రాజు, నాయక, రెడ్డి, శెట్టి, బోయ వంటి పేరు చివరి పదాలు ఆనాడు హోదాను, వృత్తిని, అధికారాన్ని సూచించాయనీ, వాటిని నేటి కులాల పేర్లుగా చదవరాదనీ ఆమె వాదించారు. తండ్రి పేరు చివర ఉన్న పదం కొడుకు పేరు చివర లేని సందర్భాలు శాసనాల్లో ఉన్నాయి. జాతి ప్రస్తావన ఆ శాసనాల్లో తక్కువన్నది కూడా ఆమె పరిశీలన.

ఈ వాదాన్ని అంగీకరించేవారికి వంశచరిత్ర మొదటి ప్రకరణాల్లో చాలావాటి పునాది కదులుతుంది. పదమూడో శతాబ్ది శాసనంలోని ఒక నాయకుని నేటి నాయుడు అనే పేరు గల కుటుంబానికి మూలపురుషునిగా చెప్పడానికి పేరు చివరి పదం చాలదు. దీనిని కుటుంబ గౌరవానికి జరిగిన లోటుగా భావించవలసిన పని లేదు. హోదా సంపాదించుకోదగినదిగా ఉన్న కాలం ఒకటి ఉండేదని, కుటుంబాలు ఆ మెట్లు ఎక్కడం, దిగడం జరిగిందని తెలియడం వల్ల చరిత్ర సంపన్నమవుతుంది.

బోయ శబ్దం ఈ సందర్భంలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాల్లో అఖండదీపాల కోసం చేసిన దానాలు అనేకం ఉన్నాయి. దాత యాభై ఇనుపయెడ్లను ఇస్తాడు. వాటిని ఒక బోయ స్వీకరిస్తాడు. ప్రతిగా అతడు, అతని కొడుకులు, మనుమలు నిత్యం మానెడు నెయ్యి గుడికి పోయాలన్నది కట్టుబాటు. వంశచరిత్రకారుల చూపు సహజంగానే దాత పేరు మీద నిలుస్తుంది. అయితే వంశపారంపర్యమైన బాధ్యత పేరుపెట్టి నమోదైంది దాతకు కాదు, పశుపాలకునికి. రాజులు, మంత్రులు, వారి భార్యలు ఒకసారి దానమిచ్చి వెళ్లిపోయారు. ఆ దీపం ఆరకుండా తరతరాలుగా నెయ్యి మోసిన కుటుంబం శాసనంలో చివరి పంక్తిలో ఉంది. శాసన సంపుటాల్లో ఈ పేర్లు వందలకొద్దీ ఉన్నా, వాటిని కుటుంబ చరిత్ర సామగ్రిగా గుర్తించిన రచనలు అరుదు. తమ పూర్వీకులకు శాసనాధారం లేదని భావించే అనేక సమూహాలకు ఈ చివరి పంక్తులు కొత్త దారి చూపగలవు. అయితే అక్కడ కూడా వెనుక చెప్పిన హెచ్చరిక వర్తిస్తుంది: ఆనాటి బోయ శబ్దాన్ని నేటి కులనామంతో నేరుగా సమీకరించరాదు.

5. వంశావళిని చదివే పద్ధతి: రేచర్ల ఉదాహరణ

సంప్రదాయ వంశావళిని పరిశోధన దృష్టితో ఎలా పరిష్కరించాలో చూపిన గ్రంథం వెలుగోటివారి వంశావళి. నేలటూరి వెంకటరమణయ్య పరిష్కరణలో మద్రాసు విశ్వవిద్యాలయం 1939లో దీనిని ప్రచురించింది. ప్రభువుల యుద్ధాలను, బిరుదులను కీర్తించే పద్యాల సంకలనమిది. పరిష్కర్త దీనిని తోసిపుచ్చలేదు, యథాతథంగా నమ్మనూ లేదు. శాసనాలతో, ఇతర చారిత్రకాధారాలతో సరిపోల్చి ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో విడదీసే ప్రయత్నం చేశారు. తెలుగులో వంశచరిత్ర రాయదలచినవారికి ఈ పద్ధతి ఆదర్శప్రాయం.

రేచర్ల అనే గోత్రనామం చుట్టూ ఉన్న సమస్య ఈ పద్ధతి ఎందుకు అవసరమో చెబుతుంది. కాకతీయుల సేనానిగా 1213లో పాలంపేటలో రామప్ప దేవాలయాన్ని కట్టించిన రుద్రుడు రేచర్లవాడు. పిల్లలమర్రి ఆలయాలు కట్టించిన రెడ్డి నాయకులు రేచర్లవారు. తరువాతి కాలంలో రాచకొండ, దేవరకొండలను ఏలిన పద్మనాయకులదీ రేచర్ల గోత్రమే. గోత్రనామం ఒకటైనంత మాత్రాన ఇవి ఒకే కుటుంబం శాఖలని చెప్పడానికి వీలులేదు. చరిత్రకారులు వీటిని రేచర్ల రెడ్లు, రేచర్ల వెలమలు అని వేరుగా పేర్కొంటూ వస్తున్నారు. గోత్రం రక్తసంబంధానికి రుజువు కాదన్నది దీనినుంచి తీయవలసిన సారాంశం.

ఈ గోత్రనామానికి వంశావళి సంప్రదాయం చెప్పే కారణం మరింత ఆలోచింపజేస్తుంది. వంశమూలపురుషునికి నిధి లభించవలసి ఉండగా బేతాళుడు నరబలి కోరాడనీ, రేచడనే సేవకుడు తనంతట తాను ముందుకు వచ్చి ప్రాణమిచ్చాడనీ, వంశానికి తన పేరు నిలపమని అడిగాడనీ కథ. అందువల్లనే గోత్రం రేచర్ల అయిందంటారు. తమ ఇంట పెళ్లికి ముందు రేచని సంతతివారి పెళ్లి జరిపించాలన్న నియమం కూడా ఈ కథను ఆశ్రయించి చెబుతారు.

ఈ కథను మూడు విధాలుగా చదవవచ్చు. నమ్మి చదివితే అది వంశమహిమకు సాక్ష్యం. కొట్టివేస్తే అది కట్టుకథ. చారిత్రక విమర్శ ఈ రెండింటితోనూ తృప్తిపడదు. నిధి కథ జరిగిందని చూపే ఆధారం లేదు. కాని ఒక ప్రభువంశం తన సంపదకు మూలంలో ఒక సేవకుని మరణం ఉందని చెప్పుకోవలసి వచ్చిందన్నది వాస్తవం. ఆ రుణాన్ని పెళ్లి తంతులో ఏటేటా గుర్తుచేసుకొనే ఏర్పాటును కథ కల్పించిందన్నదీ వాస్తవం. గోత్రంలో మిగిలినది సేవకుని పేరు. పద్యాల్లో కొనసాగినది ప్రభువు సంతతి. రేచనికి పెళ్లి జరగవలసిన సంతతి ఉందని కథే ఒప్పుకొన్నది. ఆ సంతతికి వంశావళి ఎవరూ రాయలేదు. వంశచరిత్ర అనే ప్రక్రియ ఎవరిని నమోదు చేస్తుంది, ఎవరిని కేవలం పేరుగా వాడుకుంటుంది అన్న ప్రశ్నను ఇంతకంటె స్పష్టంగా నిలబెట్టే కథ తెలుగులో అరుదు.

వంశావళులు, కైఫీయతులు ఎవరి చేతుల మీదుగా తయారయ్యాయన్నది కూడా పత్రికా వ్యాసాల వల్ల తెలిసే అంశం. ఫిలిప్ వాగనర్ 2003లో కంపారటివ్ స్టడీస్ ఇన్ సొసైటీ అండ్ హిస్టరీలో ప్రకటించిన వ్యాసం కాలిన్ మెకంజీ కింద పనిచేసిన కావలి సోదరులు మొదలైన నియోగి ఉద్యోగుల పాత్రను వివరించింది. కైఫీయతును ఊరి జ్ఞాపకంగా మాత్రమే చూసేవారికి, దానిని చెప్పినవారు, అడిగినవారు, రాసుకొన్నవారు వేర్వేరు ప్రయోజనాలు గలవారన్న ఎరుక ఇటువంటి వ్యాసాల వల్ల కలుగుతుంది. గ్రామాధికారానికి, మాన్యాలకు కైఫీయతు ఆధారం కాగలిగిన కాలంలో అందులోని వంశక్రమం నిష్పాక్షికంగా ఉంటుందని ఆశించలేము.

6. వంశావళి లేనివారి చరిత్ర

ఇంతవరకు చూసిన ఉదాహరణల్లో ఏదో ఒక రూపంలో వంశకథనం ఉంది. అదేమీ లేనివారి విషయంలోనే పరిశోధన పత్రికల అవసరం అత్యధికం. సముద్రం దాటి వెళ్లిన తెలుగు ఒప్పంద కూలీల వారసులు ఇందుకు ముఖ్య ఉదాహరణ.

మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పందం మీద నేటాల్ వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు నుంచి ఓడ ఎక్కినవారే; తమిళులతోపాటు తెలుగువారూ గణనీయంగా ఉన్నారు. ఓడపట్టికల్లో ప్రతి మనిషికీ ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, శరీరం మీది గుర్తులు నమోదయ్యాయి. సురేంద్ర భానా 1991లో ప్రకటించిన అధ్యయనం ఈ పట్టికల మీద ఆధారపడినది. ఆ తర్వాత అశ్విన్ దేశాయ్, గూలం వాహెద్ కలిసి ఒప్పంద కూలీల జీవితాలను పత్రాగారాల నుంచి వెలికితీశారు. నేటాల్ చరిత్ర పత్రికల్లో వెలువడిన వ్యాసాలు తోటల్లో శిక్షలు, ఆత్మహత్యలు, మతాచారాలు, కుటుంబ సంబంధాలు వంటి అంశాలను చర్చించాయి.

ఇక్కడ ఒక వైచిత్రి గమనించవలసి ఉంది. సొంత ఊళ్లో ఉండిపోయిన అదే తరం కూలీ కుటుంబానికి తండ్రి పేరుతో, ఊరి పేరుతో కూడిన నమోదు దొరకడం కష్టం. దేశం విడిచినవారికి మాత్రం అది దొరుకుతున్నది. మనిషిని శ్రమగా లెక్కకట్టిన యంత్రాంగమే అతని ఆనవాలును భద్రపరచింది. మోకాలి మీది మచ్చ కూడా రాసుకొన్నది అతని మీద గౌరవంతో కాదు, పారిపోతే పట్టుకోవడానికి పనికివస్తుందని. ఈ సందర్భం తెలియకుండా పట్టికను చదివే వారసునికి అది పూర్వీకుని పరిచయ పత్రంగా కనిపిస్తుంది. పత్రికా వ్యాసం చదివిన తర్వాత అది ఏమిటో తెలుస్తుంది.

పట్టికను సరిగా చదవడానికి మరికొంత నేపథ్యం కావాలి. పేరును చెప్పినవారి భాష ఒకటి, రాసిన గుమాస్తా లిపి మరొకటి. తెలుగువారి పేరులో ముందుండే ఇంటిపేరు పట్టికకు అక్కరకు రాలేదు. చాలా కుటుంబాల్లో తండ్రి పేరో, నాయుడు, రెడ్డి వంటి గౌరవపదమో పాశ్చాత్య పద్ధతిలో చివరి పేరుగా స్థిరపడింది. జిల్లా పేరును నేటి పటంలో వెతికితే దారి తప్పుతుంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు వెళ్లిన చిత్తూరు ప్రాంతీయుని జిల్లా ఉత్తర ఆర్కాటుగా నమోదవుతుంది. శ్రీకాకుళం 1936 వరకు గంజాం జిల్లాలో, ఆ తర్వాత 1950 వరకు విశాఖపట్నం జిల్లాలో భాగం. గంజాం 1936లో ఒరిస్సాలో చేరింది. కాబట్టి తమ పూర్వీకులు తమిళులో ఒరియాలో అయివుంటారని జిల్లా పేరును బట్టి నిర్ణయించుకోవడం పొరపాటు కావచ్చు.

బర్మా, మలయాలకు వెళ్లిన తెలుగువారి విషయంలో అడపా సత్యనారాయణ 2002లో క్రిటికల్ ఏషియన్ స్టడీస్‌లో ప్రకటించిన బర్డ్స్ ఆఫ్ ప్యాసేజ్ అనే వ్యాసం ఇటువంటి నేపథ్యాన్ని ఇస్తుంది. ఇందులో ఒక కుటుంబం తన తాతను పేరుతో కనుగొనలేకపోవచ్చు. కాని ఆయన ఎందుకు వెళ్లాడు, ఎవరి ద్వారా వెళ్లాడు, ఎందుకు మళ్లీ మళ్లీ వచ్చిపోయాడు అన్న ప్రశ్నలకు ఆధారసహితమైన సమాధానాలు లభిస్తాయి. ఇంట్లో మిగిలిన ఒక పాత ఫొటో, రంగూన్ నుంచి వచ్చిన ఒక పెట్టె ఆ సమాధానాల పక్కన పెడితే సాక్ష్యాలుగా మారతాయి. నేపథ్య వ్యాసం చేయగల మేలు ఇదే.

7. అందుబాటు సమస్య

పత్రికలను సరిగా వాడడం లేదన్న విమర్శకు మరో పార్శ్వం ఉంది. కుటుంబ చరిత్ర రాసేవారిలో చాలామంది విశ్వవిద్యాలయాల వెలుపలివారు: విశ్రాంత ఉపాధ్యాయులు, ఉద్యోగులు, గృహిణులు. పాత తెలుగు పత్రికలు అనేకం అంతర్జాల భాండాగారాల్లో చిత్రరూపంలో ఉన్నాయి. వాటిలోని అక్షరాలను యంత్రం సరిగా గుర్తించలేకపోవడంతో పదాన్వేషణ తరచుగా విఫలమవుతుంది. విషయసూచికలను ఓపికగా తిరగవేయడం తప్ప మార్గం లేదు. ఒకవేళ యంత్రం ఒక పేరును పట్టిస్తే, పాఠకుడు ఆ పేజీకే నేరుగా చేరి, ముందు వెనుకల వాదాన్ని చూడకుండా తిరిగివస్తాడు. అన్వేషణ సౌకర్యం పెరిగినకొద్దీ పేరు పోలిక దోషం కూడా పెరిగే అవకాశముంది.

ఆధునిక ఆంగ్ల పత్రికలది వేరే సమస్య. వాటి చందాలు వ్యక్తులు భరించగలిగినవి కావు. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించిన ఒకే దేశం ఒకే చందా పథకం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. అయితే దాని ప్రయోజనం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు ఉద్దేశించినది. సంస్థతో సంబంధం లేని చదువరి బయటే ఉన్నాడు. జిల్లా కేంద్ర గ్రంథాలయాల ద్వారా ఈ సౌకర్యం విస్తరిస్తే, కుటుంబ చరిత్ర రచన ప్రమాణం పెరగడానికి అది ఏ ఉపదేశం కంటె ఎక్కువగా తోడ్పడుతుంది. తెలుగులో వెలువడే పరిశోధన పత్రికలు శాసన చరిత్ర, వలస చరిత్రలపై ఆంగ్లంలో జరిగిన కృషిని సమీక్షా వ్యాసాల ద్వారా పరిచయం చేయడం కూడా తక్షణం చేయదగిన పని.

8. ముగింపు

పై పరిశీలన ఆధారంగా ఈ నిర్ణయాలు చేయవచ్చు.

1. పరిశోధన పత్రికల్లో పూర్వీకుని పేరు దొరకడం అరుదు. దొరికినా అది అన్వేషణకు ఆరంభమే. కాలం, ప్రదేశం, సంబంధం అనే మూడూ సరిపోనిదే పేరు సాక్ష్యం కాదు.

2. గోత్రనామం, బిరుదు, పేరు చివరి పదం బంధుత్వాన్ని రుజువు చేయవు. కాకతీయ యుగపు శాసనాలు, రేచర్ల ఉదాహరణ దీనిని స్పష్టం చేస్తున్నాయి.

3. ఒక వ్యాసాన్ని ఉటంకించేవారు దాని తర్వాత వచ్చిన ఖండనలను కూడా చూడాలి. పత్రికలోని నిర్ణయం చర్చలో ఒక దశ.

4. శాసనాల్లో దాతల పేర్లతోపాటు పశుపాలకుల, సేవకుల పేర్లను కూడా కుటుంబ చరిత్ర సామగ్రిగా పరిగణించాలి. ఆడపడుచుల శాఖలను వంశవృక్షాల నుంచి తొలగించరాదు.

5. వంశావళి లేని కుటుంబాలకు పూర్వీకుని పేరు లేని నేపథ్య వ్యాసం కూడా కుటుంబ చరిత్రాధారమే.

వంశావళి ఉన్న కుటుంబానికి పత్రికలు సందేహాన్ని ఇస్తాయి. లేని కుటుంబానికి ఆధారాన్ని ఇస్తాయి. మొదటివారు ఆ సందేహాన్ని స్వీకరించడానికి సంకోచిస్తున్నారు. రెండోవారికి ఆ ఆధారం ఉందని తెలియడం లేదు. రేచని పేరు గోత్రంగా నిలిచింది. అతని సంతతి ఏమైందన్న ప్రశ్నను కుటుంబ చరిత్ర తన ప్రశ్నగా స్వీకరించిననాడు వంశచరిత్ర రచన చరిత్ర రచనలో భాగమవుతుంది.